వత్తు ఎక్కడ తెగింది? ఇన్‌స్పెక్టర్ కథ

తిరుత్తణి, తిరువళ్ళూరు. తమిళనాడులోని ఈ రెండు ఊళ్ళ పేర్లనూ తెలుగులో రాస్తే అక్షరం కింద వత్తు పడుతుంది. తమిళంలో పడదు. అక్కడ పొల్లును చూపే చుక్క అక్షరం నెత్తిన ఉంటుంది, తర్వాతి అక్షరం పక్కన వచ్చి చేరుతుంది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళిన తిరుత్తణి ప్రాంతంలో ఇప్పటికీ తెలుగు ఇళ్ళున్నాయి. ఆ ఊళ్ళ కోసం రెండు భాషల్లో ఒక వెబ్ పేజీ తయారుచేస్తున్నామనుకోండి. తమిళ పేరుకు సరిపడా బటన్ ఎత్తు పెట్టి, అందులోనే తెలుగు పేరు కూర్చితే ‘త్త’ కింది వత్తు సగానికి తెగిపోవచ్చు. కోడ్‌లో చూస్తే పేరు పూర్తిగా, తప్పు లేకుండా ఉంటుంది. తెర మీద మాత్రం అలా ఉండదు.

ఇలాంటి చోట పనికొచ్చేది ఇన్‌స్పెక్టర్ అనే పనిముట్టు. దాని పుట్టుక 1970లలో, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో. అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ తదితరులు అక్కడ స్మాల్‌టాక్ భాషను తీర్చిదిద్దారు. అందులో విండో, మెనూ, చివరికి అంకె కూడా ఆబ్జెక్టే. దేన్నయినా ఎంచుకుని ‘ఇన్‌స్పెక్ట్’ అంటే చిన్న విండో తెరుచుకునేది. ఒక పక్క గుణాల పేర్లు, మరో పక్క ఎంచిన గుణం విలువ. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆ విలువ మార్చి ఏమవుతుందో చూడొచ్చు. కోడ్ చదివి ‘ఇలా ఉండి ఉంటుంది’ అని ఊహించడం మాని, నడుస్తున్న వస్తువునే నేరుగా అడగటం అక్కడ అలవాటైంది. ప్రోగ్రామింగ్‌లో వచ్చిన గొప్ప ఆలోచనల్లో దీన్ని ఒకటిగా లెక్కిస్తాను.

1991లో విజువల్ బేసిక్, 1995లో డెల్ఫీ ఈ గుణాల పట్టికను మామూలు ప్రోగ్రామర్ల బల్ల మీదికి తెచ్చాయి. వెబ్ మాత్రం చాలాకాలం వెనకబడింది. ‘వ్యూ సోర్స్’ నొక్కితే సర్వర్ పంపిన పాఠ్యం కనిపించేది తప్ప, జావాస్క్రిప్ట్ దాన్ని మార్చాక పేజీ ఎలా తయారైందో తెలిసేది కాదు. విలువ తెలుసుకోవాలంటే అలర్ట్ పెట్టెలు పెట్టుకుంటూ పోవడమే. మొజిల్లా కోసం డామ్ ఇన్‌స్పెక్టర్ రాసిన జో హెవిట్ 2006లో ఫైర్‌బగ్ అనే వెబ్ ఇన్‌స్పెక్టర్ తెచ్చాడు. వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజన్‌కు ఇన్‌స్పెక్టర్ వచ్చిందీ ఆ ఏడాదే. 2008లో క్రోమ్ దాన్ని వెంటబెట్టుకునే పుట్టింది. ప్రతి బ్రౌజర్‌కూ సొంత ఇన్‌స్పెక్టర్ వచ్చేశాక, 2017లో ఫైర్‌బగ్ సెలవు తీసుకుంది.

ఇప్పుడు మన బటన్ దగ్గరికి వద్దాం. పేరు మీద కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కితే ఆ ఆబ్జెక్ట్ ముందుకొస్తుంది. దానికి ఏయే స్టైల్ నియమాలు వర్తించాయో, ఏది దేన్ని కొట్టేసిందో వరసగా కనిపిస్తాయి. ‘కంప్యూటెడ్’ భాగంలో చివరికి నిలిచిన విలువలుంటాయి: ఎత్తు ఇంత, లైన్-హైట్ ఇంత, ఓవర్‌ఫ్లో ‘హిడెన్’. పెట్టె దాటిన భాగాన్ని దాచెయ్యమనే ఆ చివరి గుణమే వత్తును కోసింది. క్రోమ్‌లో అయితే అక్షరాలను నిజంగా గీసిన ఫాంట్ పేరు కూడా అక్కడే దొరుకుతుంది. మనం కోరిన ఫాంట్‌లో తెలుగు లేకపోతే బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా మరో ఫాంట్ తెచ్చుకుంటుంది. దాని వత్తు ఇంకా కిందికి దిగొచ్చు. ఎత్తు విలువను అక్కడికక్కడే పెంచి చూస్తే, ఫైలు ముట్టుకోకుండానే తప్పు రుజువవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉండే కన్సోల్‌లో ఆబ్జెక్టును అచ్చు వేయించి, కాసేపటికి దాన్ని విప్పి చూస్తే కనిపించేవి విప్పిన క్షణం నాటి విలువలు. అచ్చు వేసిన నాటివి కావు. ఈ తేడా తెలియక పూటలకు పూటలు పోగొట్టుకున్న ప్రోగ్రామర్లు చాలామంది. ఆ క్షణంలోని విలువే కావాలంటే బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రామును ఆపాలి, లేదా ఆబ్జెక్టుకు నకలు తీసి అచ్చు వెయ్యాలి.

తెలుగు లిపిని తెర మీద ఇలా విప్పి పరీక్షించడం ఎంత అవసరమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ లాంటి ఒక కూర్పు ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. తెర మీద అది ఒక్క అక్షరం. విప్పి చూస్తే ఐదు యూనికోడ్ సంకేతాలు: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. అక్షరాలను తెరపై పేర్చే కోర్‌టెక్స్ట్ భాగంలో తప్పు ఉంది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దింది.

తిరుత్తణిలోనో తిరువళ్ళూరులోనో వెబ్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు చేసే ప్రతి పేజీలోనూ మీ ఊరి పేరు రెండు లిపుల్లోనూ పెట్టి చూడండి. వత్తు తెగితే ‘తెలుగు సరిగా రావట్లేదు’ అని ఊరుకోవద్దు. ఇన్‌స్పెక్టర్ తెరిచి, ఏ గుణం, ఏ విలువ, ఏ ఫాంట్ అన్నది రాసి, పేజీ తయారుచేసినవారికి పంపండి.