వర్షపాత-ప్రవాహ నమూనాల క్రమాంకనం

వర్షపాత-ప్రవాహ నమూనా అనగా ఒక పరీవాహక ప్రాంతంలో కురిసిన వాన నుండి నదిలోకి ఎంత నీరు, ఎప్పుడు చేరుతుందో గణించే కంప్యూటరు అనుకరణ నమూనా. నేల పట్టి ఉంచగల నీరు, భూగర్భ జలం ఏటిలోకి ఊరే వేగం వంటివి దీని పరామితులు. వీటిలో అనేకం ప్రాంతమంతటికీ నేరుగా కొలవడానికి వీలుకానివి. కనుక గణించిన ప్రవాహం కొలిచిన ప్రవాహానికి దగ్గరయ్యే వరకు వాటిని సవరిస్తారు. దీనినే క్రమాంకనం అంటారు.

ప్రయోజనం, కొలమానం

పద్ధతిని ఎంచుకొనే ముందు నమూనా ప్రయోజనాన్ని నిర్ణయించుకోవాలి. 1970లో నాష్, సట్‌క్లిఫ్ ప్రతిపాదించిన సామర్థ్య గుణకం విలువ 1 అయితే రెండు ప్రవాహాలు పూర్తిగా సరిపోలినట్లు. 0 అయితే నమూనా సగటు ప్రవాహం కంటే మెరుగైన అంచనా ఇవ్వనట్లు. ఇందులో దోషాలను వర్గం చేస్తారు కనుక వరద రోజులకు ప్రాధాన్యం ఎక్కువ. వేసవి ప్రవాహాలు ముఖ్యమైతే ప్రవాహాల సంవర్గమానాలను పోల్చడం మేలు.

పద్ధతులు

* చేతి సవరణ: పరామితులు కొద్దిగా ఉండి, నదిని ఎరిగిన నిపుణుడు ఉన్నప్పుడు అనువైనది. ఫలితం వ్యక్తిని బట్టి మారుతుంది.
* అన్ని కలయికలను పరీక్షించుట: 5 పరామితులకు పదేసి విలువలు తీసుకుంటే 1,00,000 గణనలు అవసరం. ఒక్కొక్కదానికి ఒక నిమిషం పడితే సుమారు 69 రోజులు కావాలి.
* స్వయంచాలక అన్వేషణ: 1992లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన డువాన్, సొరూషియన్, గుప్తా ప్రకటించిన పద్ధతి ఇందుకు ఉదాహరణ. ఇది అనేక బిందువుల నుండి ఏకకాలంలో వెదకుతుంది కనుక స్థానిక కనిష్ఠాల వద్ద చిక్కుకొనే అవకాశం తక్కువ.
* అనిశ్చితి అంచనా: భిన్నమైన పరామితులు దాదాపు సమానమైన ఫలితాన్ని ఇవ్వవచ్చు. అందువలన బెవెన్, బిన్లీ 1992లో ఒకే ఉత్తమ సమాధానానికి బదులు ఆమోదయోగ్యమైన వాటినన్నిటినీ ఉంచి, ప్రవాహాన్ని ఒక అవధిగా చెప్పే పద్ధతిని ప్రతిపాదించారు.

పరీక్ష

ఏ పద్ధతి వాడినా, క్రమాంకనంలో వాడని సంవత్సరాల కొలతలతో నమూనాను పరీక్షించాలి. తడి సంవత్సరాలకు వాడదలచిన నమూనాను పొడి సంవత్సరాలతో క్రమాంకనం చేసి, తడి సంవత్సరాలపై పరీక్షించాలని క్లెమెష్ 1986లో సూచించారు. అదే ఏడాది ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు. సాధారణ వరదలతో మాత్రమే క్రమాంకనం చేసిన నమూనా, గుణకం ఎంత బాగున్నా, అటువంటి వరదను సరిగా అంచనా వేయగలదని చెప్పలేము.