స్క్రూ బిగిస్తే ఏది కదులుతుంది?

పెద్దేముల్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "తాండూరు రోడ్డు మీద బండి జారి మా తమ్ముడి కింది దవడ విరిగింది. కంప్యూటర్‌లో దవడ నమూనా చేసి, దానికి సరిపడా ప్లేటు వేస్తే మేలని అంటున్నారు. నిజమేనా?" కొన్నిసార్లు నిజమే. అయితే ఎప్పుడు, ఎందుకు మేలో చెప్పాలంటే దవడ ఎలా పనిచేస్తుందో చూడాలి.

నమూనా సంగతి త్వరగా చెప్పేస్తాను. సీటీ స్కాన్ పొరలను కంప్యూటర్‌లో కలిపి, విరిగిన ముక్కలను తెర మీదే యథాస్థానాలకు చేరుస్తారు. ఒక పక్క నుజ్జయితే బాగున్న పక్కను తిరగేసి కొలతగా వాడతారు. ఆ రూపాన్ని త్రీడీ ప్రింటర్‌లో అచ్చు తీస్తారు.

నమిలేటప్పుడు చెంప కండరాలు దవడ వెనక భాగాన్ని పైకి లాగుతాయి, గడ్డం కింది కండరాలు ముందు భాగాన్ని కిందికి లాగుతాయి. పచ్చి వేపపుల్లను వంచినట్టు ఎముక పై అంచు సాగుతుంది, కింది అంచు నొక్కుకుంటుంది. అందుకే పగులు పళ్ళ వైపు విచ్చుకుంటుంది. మందపాటి ప్లేటును కింది అంచున, ఎముకకు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా స్క్రూలు దింపి బిగిస్తేనే బలమని చాలామంది నమ్మారు. 1970లలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో మాక్సిమ్ షాంపీ బృందం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. సాగే గీత మీదే సన్నటి ప్లేటు పెట్టి, స్క్రూలను ఎముక బయటి పొరలోకే దింపితే చాలని చూపింది. పైన విచ్చుకోకుండా ఆపితే కింది అంచును నమిలే బలమే దగ్గరకు నొక్కుతుంది! కోరపళ్ళ నడుమ ఎముక మెలికపడుతుంది కాబట్టి అక్కడ రెండు ప్లేట్లు కావాలి. పని నోటి లోపలినుంచే అవుతుంది, ముఖం మీద కోత ఉండదు. ఇంత అందమైన లెక్క శస్త్రచికిత్సలో అరుదు.

ఇప్పుడు స్క్రూ దగ్గరకు వద్దాం. ప్లేటుకూ ఎముకకూ మధ్య సందు ఉంటే, మామూలు స్క్రూ బిగించగానే ఎముకే ప్లేటు వైపు కదులుతుంది. చేతి ఎముకలో ఆ కాస్త తేడా లెక్కలోకి రాదు. దవడలో వస్తుంది: వెంట్రుక కన్నా పలచటి రేకు నడుమ ఉన్నా మన పళ్ళకు తెలిసిపోతుంది. "పళ్ళు కలవడం లేదు" అని రోగి చెప్పేది ఈ తేడానే. ప్లేటును ముందే నమూనా మీద వంచి, శుద్ధి చేసి సిద్ధంగా ఉంచుకుంటే, లేదా ప్లేటునే టైటానియం పొడి కరిగించి ప్రింటు చేస్తే ఆ సందు దాదాపు ఉండదు. తల ప్లేటులోనే బిగుసుకునే లాకింగ్ స్క్రూలు ఎముకను అంతగా లాగవు, కానీ ముక్కలను సరైన చోట చేర్చే పని అవి చేయవు.

ఇంత చెప్పాక ఒక మాట. పళ్ళన్నీ ఉండి దవడ ఒక్కచోటే విరిగితే నమూనా అక్కర్లేదు. పై పళ్ళకూ కింది పళ్ళకూ తీగ కడితే పళ్ళే దారి చూపుతాయి. వికారాబాద్ దంతవైద్య కళాశాలలోనో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంతవైద్యశాలలోనో ముందుగా అడగాల్సింది ఎన్ని ముక్కలైందీ, ఎన్ని పళ్ళు మిగిలాయీ అని.

నమూనా నిజంగా అక్కరకొచ్చేది ఎముక నుజ్జయినప్పుడూ, పళ్ళూడి దవడ అరిగిన ముసలివాళ్ళకూ. భారం పంచుకునే ఎముకే అక్కడ ఉండదు కాబట్టి షాంపీ సన్న ప్లేటు నిలవదు, మందపాటిదే కావాలి. దాన్ని ఆపరేషన్ మధ్యలో అటూ ఇటూ వంచుతుంటే లోహం అలిసి, కొన్ని నెలలకు ఆ వంపు దగ్గరే విరగవచ్చు. నమూనా చేతిలో ఉంటే ఒక్కసారి వంచితే సరిపోతుంది.