అన్న నిలిచిన చోట తమ్ముడు

ఇంటి పెద్దకొడుకు హఠాత్తుగా కన్నుమూస్తే, అతడు కూర్చునే చోట కూర్చోవడానికి చాలాకాలం ఎవరికీ మనసు రాదు. అమెరికాలోని ఒక సంగీత బృందానికి సరిగ్గా ఇటువంటి దుఃఖమే కలిగింది.

ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌ నగరంలో కొందరు కుర్రవాళ్లు 1964లో కలిసి పాడడం మొదలుపెట్టారు. ఆ బృందమే తరువాత 'లెనర్డ్ స్కినర్డ్' అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. అమెరికా దక్షిణాది పల్లెపాటలను, నల్లజాతివారి బ్లూస్ సంగీతాన్ని రాక్ సంగీతంతో కలిపి, మూడు గిటార్లతో హోరెత్తించేవారు. పాటలు పాడేది, వారిని నడిపించేది రానీ వాన్ జాంట్.

1977 అక్టోబరు 17న వారి ఆల్బమ్ 'స్ట్రీట్ సర్వైవర్స్' విడుదలైంది. మూడు రోజులకే, అక్టోబరు 20న, వారు ప్రయాణిస్తున్న విమానం మిసిసిపీ రాష్ట్రంలోని అడవిలో కూలిపోయింది. రానీతో సహా ఆరుగురు మరణించారు. గిటార్ వాయించే స్టీవ్ గెయిన్స్, ఆయన అక్క, గాయని కాసీ ఇద్దరూ వారిలో ఉన్నారు. ఇంధనం అయిపోవడమే కారణమని, సిబ్బంది దానిని సరిగా గమనించుకోలేదని దర్యాప్తులో తేలింది. ఆ ఆల్బమ్ అట్టమీద బృందం చుట్టూ మంటలున్న బొమ్మ ఉండేది. దానిని వెంటనే మార్చివేశారు.

బతికినవారు చెదిరిపోయారు. పదేళ్ల తరువాత, 1987లో, చనిపోయినవారి జ్ఞాపకార్థం మళ్లీ కలిశారు. రానీ తమ్ముడు జానీ పాడడానికి ముందుకొచ్చాడు. కాని 'ఫ్రీ బర్డ్' అనే పాట వంతు వచ్చినప్పుడు వేదికమీద మైకు ఒంటరిగా నిలబడి ఉండేది. బృందం వాద్యాలు మాత్రమే వాయించేది, పాటను జనమే పాడేవారు. అన్న పాటను తమ్ముడు ఆక్రమించుకోలేదు.

1991లో 'లెనర్డ్ స్కినర్డ్ 1991' విడుదలైంది. పద్నాలుగేళ్ల తరువాత బృందం చేసిన తొలి స్టూడియో ఆల్బమ్ అది. గ్యారీ రాసింగ్టన్, ఎడ్ కింగ్, లియాన్ విల్కెసన్, బిల్లీ పవెల్ వంటి పాతవారు వాయించగా జానీ పాడాడు. పూర్వపు ఆల్బమ్‌లంతగా అది అమ్ముడుపోలేదు. అయినా పాత పాటలనే తలచుకుంటూ ఆగిపోక, వారు కొత్త పాటలు కట్టుకున్నారు. తొలినాటి సభ్యులలో చివరివాడైన రాసింగ్టన్ 2023లో మరణించాడు.

పోయినవారి స్థానాన్ని ఎవరూ నింపలేరు. కాని వారు విడిచిన పనిని వినయంగా చేపట్టవచ్చు. తన వంతు కోసం ఓపికతో కనిపెట్టిన ఆ తమ్ముడు, దుఃఖంలో ఉన్న ప్రతి ఇంటికీ ఈ మాటే గుర్తుచేస్తున్నాడు.