పట్టు రైతుకు పుట్టగొడుగుల పెంపకం



పట్టుగూళ్లు అమ్మితేనే మన చేతికి డబ్బు వస్తుంది. ఒక పంట పోయినా, గూళ్ల ధర పడిపోయినా మళ్లీ పంట వచ్చేదాకా ఇల్లు గడవడం కష్టం. అటువంటి సమయంలో ఆదుకోగల చిన్న ఉపవృత్తి పుట్టగొడుగుల పెంపకం. దీనికి పొలం అవసరం లేదు. నీరు బిందెల లెక్కన సరిపోతుంది. వరిగడ్డి, చొప్ప, మొక్కజొన్న కండెలు మొదలైన పంట వ్యర్థాలే దీనికి పెట్టుబడి.

మన పక్కనే పుట్టిన రకం

కారియాపట్టి నుండి తూత్తుకుడి రోడ్డు మీద వెళితే వచ్చే అరుప్పుక్కోట్టైలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధనా కేంద్రం ఉంది. 1998లో విడుదలైన ఏపీకే-2 అనే పాల పుట్టగొడుగు రకం అక్కడిదే. ఇది 1974లో పశ్చిమ బెంగాల్‌లో శాస్త్రజ్ఞులు గుర్తించిన జాతి. 30 నుండి 35 డిగ్రీల వేడిలో బాగా వస్తుంది కనుక మన కరిసల్ సీమ ఎండలకు తగినది.

ఏ కాలానికి ఏది?

ఐప్పసి వానలు మొదలైనప్పటి నుండి మాసి నెల దాకా, అంటే అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు, చిప్ప పుట్టగొడుగు వేసుకోండి. బజారులో సిప్పి కాళాన్ అనేది ఇదే. మార్చి నుండి సెప్టెంబరు వరకు పాల పుట్టగొడుగు, అంటే పాల్ కాళాన్, వేసుకోండి. చిప్ప పుట్టగొడుగు కోసిన మరునాటికే వాడిపోతుంది. పాల పుట్టగొడుగు మూడు నాలుగు రోజులు నిలువ ఉంటుంది. మదురై వంటి దూరపు బజారుకు పంపేవారు ఈ తేడాను గమనించాలి.

పెంచే పద్ధతి

1. బూజు పట్టని, వానకు తడవని కొత్త వరిగడ్డిని రెండు అంగుళాల ముక్కలుగా నరికి, నాలుగైదు గంటలు నీళ్లలో నానబెట్టాలి.

2. నానిన గడ్డిని మరిగే నీళ్లలో ఒక గంట ఉడికించాలి. తరువాత శుభ్రమైన గోనెపట్టా మీద నీడలో ఆరబెట్టాలి. పిడికిట పట్టి పిండితే చెయ్యి తడి కావాలి, నీరు మాత్రం కారకూడదు. తడి ఎక్కువైతే పడక కుళ్లుతుంది.

3. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల పాలిథీన్ సంచి అడుగు కట్టి, మధ్యలో గాలికి రెండు చిన్న రంధ్రాలు చేయాలి. రెండు అంగుళాల మందాన గడ్డి పరచి, అంచుల వెంట స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) చల్లాలి. ఇలా నాలుగైదు పొరలు వేసి మూతి కట్టాలి.

4. సంచులను పూరిపాకలో వేలాడదీస్తే 15 నుండి 20 రోజుల్లో గడ్డి అంతా తెల్లని బూజు అల్లుకుంటుంది. పచ్చగానో నల్లగానో మచ్చలు కనిపించిన సంచిని వెంటనే తీసి దూరంగా పూడ్చాలి.

5. చిప్ప పుట్టగొడుగుకు ఇప్పుడు సంచి చీల్చి తీసి, ఉదయం సాయంత్రం నీళ్లు చిలకరించాలి. నాలుగైదు రోజులలో మొగ్గలు వస్తాయి. మరి రెండు మూడు రోజుల్లో అంచులు ముడుచుకోకముందే కోయాలి. వారం వారం ఎడంతో మూడు కోతలు వస్తాయి.

6. పాల పుట్టగొడుగుకు పడకను అడ్డంగా రెండుగా కోసి, ఆవిరిలో ఉడికించి చల్లార్చిన మట్టిని పైన ముప్పావు అంగుళం మందాన కప్పాలి. మట్టి ఆరకుండా చూస్తే పది రోజులలో మొగ్గలు లేస్తాయి, మరో వారానికి కోతకు వస్తాయి.

జాగ్రత్తగా చేస్తే కిలో ఎండుగడ్డికి అరకిలో నుండి ముప్పావు కిలో దాకా పుట్టగొడుగులు వస్తాయి.

పట్టు రైతు తప్పక పాటించవలసినవి

పుట్టగొడుగు కూడా బూజు జాతిదే కదా, పురుగులకు సున్నకట్టు రోగం తెస్తుందా అని చాలామంది అడుగుతారు. తేదు. ఆ రోగాన్ని తెచ్చే బూజు వేరు. అయినా పురుగుల పెంపకపు గదిలో మాత్రం పుట్టగొడుగులు పెంచవద్దు. వీటికి కావలసిన తేమే ఆ రోగపు బూజుకూ అనుకూలం. పంటకూ పంటకూ మధ్య ఆ గది రోగనిరోధక మందులతో శుభ్రపడి ఖాళీగా ఉండాలి. పుట్టగొడుగుల పాక వేరుగా, దూరంగా ఉండాలి.

అసలు ప్రమాదం మందులతో ఉంది. పుట్టగొడుగులకు ఈగలు పడితే కొందరు పురుగుమందు కొడతారు. ఆ మందు గాలికి మల్బరీ ఆకు మీద పడినా, చేతులకు అంటుకొని మేతలో కలిసినా, చాకీ నుండి కాపాడుకొచ్చిన పురుగులన్నీ ఒక్క పూటలో పోవచ్చు. మందుకు బదులు కిటికీలకు నైలాన్ వల కట్టండి. ఆముదం రాసిన పసుపు రేకులు వేలాడదీయండి. గడ్డిని శుద్ధి చేయడానికి ఫార్మలిన్ వాడకుండా వేడినీటి పద్ధతినే పాటించండి.

పురుగుల పడక నుండి తీసిన రెట్ట, తినగా మిగిలిన కొమ్మలు పుట్టగొడుగుల సంచిలో వేయవద్దు. వాటిలో రోగక్రిములు ఉండవచ్చు. అవి ఎరువుగుంటకే వెళ్లాలి. తోట కత్తిరింపులో వచ్చిన మల్బరీ పుల్లలను సన్నగా నరికి, ఉడికించి గడ్డితో కొంత కలుపుకోవచ్చు.

చిప్ప పుట్టగొడుగు విడిచే పొడి పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పాక నుండి పెంపకపు గదికి వెళ్లే ముందు కాళ్లు చేతులు కడుక్కొని బట్టలు మార్చుకోండి.

చివరి కోత అయిన పడకను పారవేయవద్దు. దాన్ని పేడతో కలిపి గుంటలో మాగబెట్టితే మల్బరీ తోటకు మంచి ఎరువు అవుతుంది. ఆకు బాగుంటేనే గూడు బాగుంటుంది.

మొదటిసారి పది సంచులతో ప్రారంభించండి. ఇంటిల్లిపాదీ తిని, ఇరుగుపొరుగుకు అమ్మి చూసిన తరువాత పెంచుకోండి. పొలం గట్ల మీద వాటంతట అవి మొలిచిన పుట్టగొడుగులను తెలియక తినవద్దు, వాటిలో విషపూరితమైనవి ఉంటాయి. స్పాన్ నమ్మకమైన ప్రయోగశాలదే కొనాలి. శిక్షణకు, స్పాన్ వివరాలకు అరుప్పుక్కోట్టై పరిశోధనా కేంద్రంలో విచారించండి.