మోకీలు మార్చాక మతిమరుపు: విద్యుత్ ఆక్యుపంక్చర్‌పై ఆశ ఎంతవరకు?

పరిటాల, కంచికచర్ల, నందిగామ ప్రాంతాల్లో పత్తి, మిరప చేలల్లో గొంతుక్కూర్చుని కలుపు తీసిన ఆడవాళ్లకు అరవై దాటేసరికి మోకాళ్లలో గుజ్జు అరిగిపోతోంది. విజయవాడ వెళ్లి మోకీలు మార్పిడి చేయించుకునేవారు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించాక (కోబాల్ట్-క్రోమియం రకానికి పన్ను కాక రూ. 54,720) ఖర్చు కొంత తగ్గింది.

కాలు నయమవుతుంది. కానీ కొందరు ఆపరేషనైన రెండో రాత్రే కన్నకొడుకును పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అంటారు. ఇది డెలీరియం, చాలామందిలో రోజుల్లోనే సర్దుకుంటుంది. మరికొందరిలో మరుపు, మందకొడితనం నెలల తరబడి ఉండిపోతాయి. "వయసు మీద పడింది" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. సరిపెట్టుకోవలసిన విషయం కాదిది. 1998లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం గుండెకు సంబంధించని పెద్ద ఆపరేషన్లు జరిగిన, అరవై పైబడిన 1,218 మందిని పరిశీలించింది. వారానికి 25.8 శాతం మందిలో, మూడు నెలలకు 9.9 శాతం మందిలో ఈ మేధాశక్తి లోపం కనిపించింది.

ఎముక కోసినప్పుడు రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు కారకాలు పెరుగుతాయి. వాటి ప్రభావం మెదడుకూ చేరి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌ను దెబ్బతీస్తుందని జంతువులపై ప్రయోగాలు సూచిస్తున్నాయి. విద్యుత్ ఆక్యుపంక్చర్‌పై ఆశ ఇక్కడే పుట్టింది. నడినెత్తిన, మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల దిగువన సన్నని సూదులు గుచ్చి స్వల్ప విద్యుత్తు పంపుతారు. 2021లో చిఫూ మా బృందం నేచర్‌లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో విలువైనది. ఎలుకల వెనుక కాలిలో ఆ చోట తక్కువ కరెంటు ఇస్తే, ఒక ప్రత్యేక రకం నాడుల ద్వారా వేగస్ నాడి, అడ్రినల్ గ్రంథి స్పందించి వాపు తగ్గింది. పొట్ట దగ్గర అంతే కరెంటు ఇస్తే ఆ మార్గం కదలలేదు. సూది ఎక్కడ పడిందన్నది ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తోంది.

మనుషులపై జరిగిన పరీక్షలు ఎక్కువగా చైనావి, చిన్నవి. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా, తనకు కరెంటు ఇస్తున్నదీ లేనిదీ రోగికి తెలియకుండా చూడటం కష్టం.

మన దగ్గర అంతకన్నా ముందు తేలాల్సింది కొలత. మతి పరీక్షల్లో బాగా వాడుకలో ఉన్న ఎంఎంఎస్‌ఈ ఒక వాక్యం రాయమంటుంది. బడి మొహం చూడని కూలీకి అది ఏనాడూ రాదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది మతిమరుపు రోగులపై ప్రచురించిన అధ్యయనంలో చదువురాని వారూ ఉన్నారు. అంటే అలాంటివారి మేధాశక్తిని మన భాషల్లోనే అంచనా కట్టవచ్చు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, వారానికి, మూడు నెలలకు మళ్లీ అలా చూస్తేనే సూది పనిచేసిందో లేదో చెప్పగలం.

ఈలోగా ఎవరైనా ఈ చికిత్సకు వెళ్లదలిస్తే, పేస్‌మేకర్ ఉన్నా, ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నా ముందే డాక్టరుకు చెప్పాలి.