వేదికపై ప్రేక్షకాసనములు

సంగీతనాటకమును వేదికపైననే కూర్చుండి చూచుట క్రొత్త ఆచారము కాదు. 1728లో లండనున ప్రదర్శితమైన జాన్ గే 'బెగ్గర్స్ ఆపెరా'ను హోగార్త్ పలుమారులు చిత్రించెను. ఆ పటములలో వేదిక కిరువైపుల ధనికులు ఆసీనులై యున్నారు. 1731 నాటి పటమున, భర్త ప్రాణమునకై తండ్రి యెదుట మోకరిల్లిన పాలీ చూపు అతనిని దాటి, ప్రక్కన కూర్చున్న బోల్టన్ డ్యూకుపై నిలిచినది. పాత్రధారిణి లవీనియా ఫెంటన్ ఆయన ప్రేయసి. 1751లో వారి వివాహమును జరిగినది! అందరిదిగా సాధారణీకృతము కావలసిన శోకము ఒక్కని సొత్తైనదని మా అభిప్రాయము.

1762 ప్రాంతమున డ్రూరీలేన్ నాటకశాలలో గారిక్ ఇట్టి ఆసనములను తొలగించెను. 2006లో న్యూయార్కు బ్రాడ్వేలో 'స్ప్రింగ్ అవేకెనింగ్' వానిని మరల వేదిక కెక్కించినది. అయితే అందు ప్రేక్షకుల నడుమ సామాన్యవేషములతో గాయకులును కూర్చుండి, అదను రాగా గొంతు కలిపిరి. ప్రక్కనున్నవాడు హఠాత్తుగా పాడనారంభించినపుడు ప్రేక్షకుడు ఉలికిపడునేమో గాని, ఇందు రసభంగ మున్నదని మేము తలపము.