మట్టి కింద గుమ్మటపు ఇల్లు: బరువు, నీరు, నేల ఉష్ణోగ్రత

భూమిలో కట్టే ఇంటికి చదునైన శ్లాబు కంటే గుమ్మటపు పైకప్పు అనువైనదనడానికి ప్రధాన కారణం పైనుండే మట్టి బరువు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1800 నుండి 2000 కిలోలు తూగుతుంది. మీటరు మందాన కప్పితే ప్రతి చదరపు మీటరుపై దాదాపు రెండు టన్నుల భారం శాశ్వతంగా నిలుస్తుంది. నివాస గృహాల అంతస్తులకు లెక్కించే వినియోగ భారం సాధారణంగా 200 కిలోలే. ఇంతటి బరువు కింద చదునైన శ్లాబు వంగి, దాని అడుగు భాగం సాగుతుంది. కాంక్రీటు తన్యత బలమో, సంపీడన బలంలో సుమారు పదో వంతు మాత్రమే. గుమ్మటంలో భారం ప్రధానంగా సంపీడనంగా మారి పునాదికి చేరుతుంది గనుక పలుచని పెంకు సైతం సరిపోతుంది.

అయితే అర్ధగోళంలో ఈ సౌలభ్యం అంతటా ఉండదు. స్వీయ భారం కింద, శిఖరం నుండి సుమారు 52 డిగ్రీలు దిగిన తరువాత అడ్డు వలయాలలో తన్యత మొదలవుతుంది. అక్కడ వలయాకారపు చువ్వలు, అడుగున వలయ దూలం తప్పనిసరి. చుట్టూ నింపిన మట్టి ఈ బయటి తోపుడును కొంత అడ్డుకుంటుంది. కాని ఒక వైపు నింపి రెండో వైపు ఖాళీగా ఉంచితే అదే మట్టి పెంకును పగులగొట్టగలదు. కనుక పలుచని పొరలుగా, అన్ని వైపులా సమానంగా నింపవలెను.

నేటి కాంక్రీటు గుమ్మటాల చరిత్రలో వ్యవసాయానికీ చోటున్నది. అమెరికాలోని ఐడహో రాష్ట్రం షెల్లీలో డేవిడ్ సౌత్ సోదరులు 1976లో నిర్మించినది బంగాళాదుంపల గిడ్డంగి. వ్యాసం 105 అడుగులు, ఎత్తు 35 అడుగులు. వలయపు పునాదికి బిగించిన బట్టను గాలితో ఉబ్బించి, లోపలి నుండి పాలీయురెథేన్ నురుగు చిమ్మి, దానికి చువ్వలు కట్టి, వాటిపై కాంక్రీటును చిమ్మడం వారి పద్ధతి. స్విట్జర్లాండ్‌లోని డీటికోన్‌లో వాస్తుశిల్పి పీటర్ వెట్ష్ 1993లో పూర్తిచేసిన తొమ్మిది ఇళ్లు మట్టి కప్పుకున్నవి. నివాసపు గదులు దక్షిణానికి, పడక గదులు ఉత్తరానికి ఉండగా, నడుమనున్న స్నానపు గదులకు పైకప్పు కిటికీల నుండి వెలుతురు అందుతుంది.

ఈ ఇళ్లను ఎక్కువగా పాడుచేసేది బరువు కాదు, నీరు. పెంకు బయట జలనిరోధక పొర, దానిపై ఉష్ణనిరోధకం, అడుగున గులకరాళ్లతో మురుగు పారుదల గొట్టం మట్టి కప్పకముందే అమరాలి. పూడ్చిన తరువాత కారు చోటు వెదకాలంటే మళ్లీ తవ్వవలసిందే.

తెలుగు ప్రాంతాలకు ఈ నమూనాను సిఫారసు చేసేముందు నేల ఉష్ణోగ్రతను గమనించాలి. కొన్ని మీటర్ల లోతున అది ఆ ప్రాంతపు వార్షిక సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా స్థిరపడుతుంది. తూర్పు ఐడహోలో ఆ సగటు పది డిగ్రీల లోపు. హైదరాబాదులో సుమారు 26, 27 డిగ్రీలు. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు ఇది మనుషులకు గొప్ప ఊరటే గాని, దుంపలను చల్లగా నిల్వచేయడానికి చాలదు. పైగా కోస్తాలో వానకాలపు గాలి తుషార స్థానం గోడల ఉష్ణోగ్రతకు చేరువగా ఉంటుంది. గాలి మార్పిడికి ఏర్పాటు లేకుంటే గోడలు చెమర్చి, బూజు పడుతుంది. విత్తనాల బస్తాలను అక్కడ ఉంచరాదు. నల్లరేగడిలోనైతే తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే మట్టిని పెంకు చుట్టూ తొలగించి, మొరం నింపడం మేలు. ఆ తవ్వకం, తరలింపు ఖర్చును అంచనాలో మొదటే చేర్చాలి.